బురదలో చద్దిమూట

కొరోఫియం వొల్యుటేటర్ పొడవు మహా అయితే సెంటీమీటరు పైచిలుకు. బురద రొయ్య అని పేరుబడ్డా ఇది రొయ్య కాదు. రొయ్యలు, పీతలు ఉండే క్రస్టేషియన్లలోనే ఆంఫిపాడ్లు అనే వేరే శాఖకు చెందింది. దీన్ని 1766లో పీటర్ సైమన్ పల్లాస్ తొలిసారి వర్ణించాడు. ఐరోపా తీరాల్లోనూ, ఉత్తర అమెరికా తూర్పున ఫండీ అఖాతంలోనూ ఆటుపోట్లకు మునిగి తేలే మెత్తటి బురద నేలల్లో ఉంటుంది.

చాలా ఆంఫిపాడ్ల ఒళ్లు రెండు పక్కలా నొక్కినట్టు ఉంటే, దీనిది పైనుంచి అణిచినట్టు ఉంటుంది. తల ముందు రెండు మోటు మీసాలు ఉంటాయి. మగవాటిలో అవి దాదాపు ఒంటి పొడవంత. రెండు నోళ్లూ పైకే తెరుచుకునే వంపు బొరియ తవ్వుకుని, పొట్ట కింది కాళ్లను ఆడిస్తూ అందులోకి నీటిని లాగుతుంది. ఊపిరికి కావలసిన ఆక్సిజన్ ఆ నీటితోనే అందుతుంది. మీసాలతో పైబురదను గీకి లోపలికి లాక్కుని, అందులోని డయాటమ్‌లనూ బ్యాక్టీరియానూ తింటుంది. అనువైన చోట చదరపు మీటరుకు పదివేలకు మించి ఉంటాయి.

ఆటు వేళ మగవి బొరియ విడిచి, తడిబురద మీద పాకుతూ ఆడవాటిని వెతుక్కుంటాయి. ఆడది గుడ్లను ఒంటి కింది సంచిలో మోస్తుంది. బయటపడే పిల్లలు అచ్చం పెద్దవాటి పోలికలోనే ఉంటాయి.

ఆ పాకే వేళే పిట్టలకు పండగ. ఆర్కిటిక్ ప్రాంతంలో పిల్లల్ని పెంచి దక్షిణానికి మళ్లే ఒక చిన్న ఉల్లంకి జాతి జూలై, ఆగస్టుల్లో లక్షలాదిగా ఫండీలో దిగుతుంది. వచ్చేటప్పుడు దాని బరువు సుమారు 20 గ్రాములు. ఆ బురదలో ఇతర మేత కూడా తింటుంది గానీ, ఈ జీవే దానికి ముఖ్యమైన చద్దిమూట. రెండు మూడు వారాల్లో బరువు దాదాపు రెట్టింపై, పేరుకున్న కొవ్వు బలంతో అట్లాంటిక్ మీదుగా ఎక్కడా వాలకుండా సుమారు 4,000 కిలోమీటర్లు ఎగిరి దక్షిణ అమెరికా చేరుతుంది. అంత చిన్న పిట్టకు అంతటి ప్రయాణం సాగేది ఈ బురద బలంతోనే.

బురదకూ ఈ జీవి ఆసరాయే. 1990 వసంతంలో డెన్మార్క్ వాడెన్ సముద్ర తీరంలో ఎండ ముదిరింది. ఆ వేడికి బురద నత్తల నుంచి పరాన్నజీవి పురుగుల పిల్లలు విపరీతంగా బయటికొచ్చి కొరోఫియంల ఒంట్లోకి చొరబడ్డాయి. వేలకు వేలుగా ఉన్న జీవులు కొద్ది వారాల్లోనే అక్కడ లేకుండా పోయాయి. వాటి బొరియలతో గట్టిపడి ఉన్న నేల వదులై, అలల తాకిడికి కోసుకుపోయింది.