ఏ రాయి నుంచి కొలిచారు?

పొలం కొలవడమంటే గొలుసు లాగడమేనని మనలో చాలామంది అనుకుంటారు. గొలుసు ఎంత నిజాయితీగా లాగినా, మొదలుపెట్టిన చోటు తప్పయితే కొలత అంతా తప్పే. బంజరు పట్టా పుచ్చుకున్న కూలీకి కాగితం మీద ఎకరం ఉండి, నేల మీద డెబ్బై సెంట్లే తేలిందంటే ముందుగా అడగాల్సింది ఒక్కటే: సర్వేయరు ఏ రాయి దగ్గర మొదలెట్టాడు?

ఈ రాయి కథ పాతదే. 1799లో టిప్పు సుల్తాన్ పడిపోయాక, చేజిక్కిన నేల ఎంతో, ఎక్కడెక్కడుందో తేల్చుకోవలసిన అవసరం ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. 1802 ఏప్రిల్‌లో లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు పక్క సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు 12 కిలోమీటర్ల గీతను ఉక్కు గొలుసుతో కొలిపించాడు. ఆ గీత రెండు కొసలా నిలబడి దూరాన ఉన్న కొండ గుర్తును చూసి కోణాలు తీస్తే, నడవకుండానే కొండ దూరం లెక్కకు వస్తుంది. అలా త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ దేశమంతా పటం గీశారు. కోణాలు తీసే థియడలైటు అరటన్ను బరువు. దాన్ని మోసింది కూలీలే. పటం మీద వాళ్ల పేర్లు లేవు.

అది పెద్ద పటాల లెక్క. పొలాల సర్వే వేరుగా జరిగింది. సూత్రం మాత్రం ఒకటే: కదలని గుర్తు నుంచి కొలవాలి. మన ఊళ్లలో ఆ గుర్తులు సర్వే రాళ్లు. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోట పాతినదాన్ని ట్రైజంక్షన్ రాయి అంటారు. ఏ రాయి నుంచి ఏ రాయికి ఎంత దూరమో కొలతల పుస్తకంలో, అంటే ఎఫ్.ఎం.బి.లో, తెలంగాణాలో అయితే తిప్పన్‌లో రాసి ఉంటుంది. గొలుసు 66 అడుగులు, 100 లింకులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే పది సెంట్లు. తెలంగాణాలో 33 అడుగుల చదరం ఒక గుంట. ఈ లెక్క ప్రతి కూలీకి నోటికి రావాలి.

మరి రాళ్లేవి? ట్రాక్టరు దున్నేసింది, వరద తీసుకుపోయింది అంటారు. మేము తిరిగిన ఊళ్లలో అవి ఎక్కువగా పోయింది పెద్ద కమతాల అంచునే. గట్టు మాత్రం ఏటా జానెడు జానెడు బంజరులోకి నడిచొస్తుంది. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం రాయిని కాపాడే బాధ్యతను పట్టాదారు మీదే పెట్టింది. రాయి పోతే లాభపడేవాడే రాయికి కాపలా! కంచే చేను మేయడమంటే ఇదే.

ఇప్పుడు ఉపగ్రహాల కొలత వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో కార్స్ అనే స్థిర కేంద్రాలను వాడారు. తామున్న చోటు కచ్చితంగా తెలిసిన ఈ కేంద్రాలు ఉపగ్రహ సంకేతాల్లోని తేడాను పట్టుకుంటాయి. ఆ సవరణ పొలంలోని రోవరుకు చేరితే, కొద్ది సెంటీమీటర్ల తేడాతో చోటు తెలుస్తుంది. అలా నమోదైన హద్దు రాయిని పీకేసినా ఆ చోటును తిరిగి పట్టుకోవచ్చు. ఇది మంచిదే, మేము కాదనం. కాని ఉపగ్రహం చెప్పేది చోటు. అది ఎవరి హక్కో చెప్పదు. ఆక్రమించిన గట్టునే హద్దుగా చూపిస్తే, ఆ ఆక్రమణే సెంటీమీటర్లతో సహా పటమెక్కుతుంది.

అందుచేత సర్వేయరు వచ్చిన రోజు కూలి పోయినా సరే పొలం మీద ఉండాలి. ఒంటరిగా కాదు, పదిమంది కలిసి. ఎఫ్.ఎం.బి. నకలు ముందే తీసుకోవాలి. గట్టు నుంచి కాదు, పుస్తకంలో ఉన్న రాయి నుంచి కొలవమనాలి. పాత విస్తీర్ణం, కొత్త విస్తీర్ణం పక్కపక్కన రాయించుకోవాలి. తేడా వస్తే వేలిముద్ర వేయొద్దు. అభ్యంతరం రాసిచ్చి రసీదు అడగాలి. చదువొచ్చిన కుర్రాళ్లు ఊరి పొలిమేర తిరిగి, ఏ రాయి ఉందో, ఏది పోయిందో సర్వే కంటే ముందే రాసిపెట్టాలి. పోరాడి పట్టా తెచ్చుకున్నవాళ్లం, ఆ భూమి ఎక్కడ మొదలవుతుందో చూపించగలగాలి.