క్యాలెండర్ ఫైల్ తెరిస్తే హెచ్చరికా? కంగారొద్దు, నిర్లక్ష్యమూ వద్దు

మొన్నామధ్య మాకు తెలిసిన ఒక చెల్లెమ్మ ఫోన్ చేసింది. “అన్నయ్యా, అసోసియేషన్ వేడుకల ఫైల్ నొక్కితే కంప్యూటర్ ఏదో హెచ్చరిక చూపిస్తోంది. రెండుసార్లు ‘నో’ అన్నాను. మూడోసారి విసుగొచ్చి ‘యెస్’ నొక్కేశాను. ఇది ఆఫీసు ల్యాప్‌టాప్, ఏమైనా అవుతుందా?” అని ఆమె భయం. అదృష్టవశాత్తు అది అసలైన ఆహ్వానమే. కానీ విసుగుతో ‘యెస్’ నొక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది.

తెలుగు బడి తరగతులు, గుడిలో వ్రతాలు, పిల్లల పుట్టినరోజులు... ఇప్పుడు అన్నిటికీ ‘ఐసీఎస్’ ఫైళ్లే వస్తున్నాయి. నిజానికి ఐసీఎస్ అంటే మామూలు అక్షరాల ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కార్యక్రమం పేరు, తేదీ, చోటు, పంపినవారి ఈమెయిల్ కనిపిస్తాయి. దానంతట అది ప్రోగ్రామ్‌లా నడవదు. ప్రమాదమంతా అందులో పెట్టే లింకులతోనూ, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్‌లోని లోపాలతోనూ వస్తుంది.

దీనికి ఒక ఉదాహరణ ఉంది. ఔట్‌లుక్‌లో బయటపడిన ఒక లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబరులో సరిదిద్దింది. మోసగాడు పంపిన క్యాలెండర్ ఆహ్వానాన్ని నొక్కితే, ఔట్‌లుక్ ఆ ఫైల్ కోసం అతని సర్వర్‌ను సంప్రదించేది. ఆ క్రమంలో మన పాస్‌వర్డ్ నుంచి తయారైన రహస్య సంకేతం అతని చేతికి చిక్కేది. దాన్నిబట్టి పాస్‌వర్డ్ కనిపెట్టే ప్రయత్నం చేయవచ్చు. ఈ లోపాన్ని సరిచేసిన అప్‌డేట్ తర్వాత, కంప్యూటర్‌లో సేవ్ చేసుకున్న మంచి ఐసీఎస్ ఫైళ్లకు కూడా ‘ఈ చోటు సురక్షితం కాకపోవచ్చు’ అన్న హెచ్చరిక రావడం మొదలైంది. అది పొరపాటేనని 2024 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. హెచ్చరికను రిజిస్ట్రీలో ఆపే దారి ఉన్నా, అలా చేస్తే ఇతర ప్రమాదకర ఫైళ్లకూ హెచ్చరిక రాదు. అందుకే అటు వెళ్లకపోవడం మంచిది.

మరి ఏం చేయాలి?

పంపినవారు మీకు తెలుసా? మీరు ఎదురుచూస్తున్న ఆహ్వానమేనా? అనుమానం ఉంటే వాట్సాప్‌లోనో ఫోన్‌లోనో ఒక్క మాట అడగండి. ఆ మెయిల్‌కే జవాబిచ్చి అడగొద్దు.

ఫైల్ పేరు చివర చూడండి. ‘డాట్ ఐసీఎస్’ తర్వాత ‘హెచ్‌టీఎంఎల్’ అనో ‘ఈఎక్స్‌ఈ’ అనో ఉంటే తెరవొద్దు. విండోస్ ఈ చివరి భాగాన్ని మామూలుగా దాచేస్తుంది, కనిపించేలా సెట్టింగ్ మార్చుకోండి.

గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో, పంపినవారు తెలిసినవారైతేనే ఆహ్వానాలు చేరేలా ఎంచుకోండి. ఐఫోన్‌లో ‘మీ ఫోన్‌కు వైరస్’ లాంటి ఈవెంట్లు వరసగా కనిపిస్తే, వాటిలోని లింకు నొక్కకుండా ఆ క్యాలెండర్‌ను అన్‌సబ్‌స్క్రైబ్ చేయండి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పొరపాటున నొక్కేస్తే దాచుకోకండి. వెంటనే ఐటీ విభాగానికి చెప్పండి, పాస్‌వర్డ్ మార్చండి. మోసపోతే ఎఫ్‌టీసీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

మనల్ని చూడటానికి ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల ఫోన్లలోనూ ఈ సెట్టింగులు ఒకసారి సరిచూడండి. పది నిమిషాల పనే. ఆ చెల్లెమ్మ ఇప్పుడు ఏ ఆహ్వానం వచ్చినా ముందు పంపినవారికి ఫోన్ చేసి కనుక్కుంటోంది. ఆ వంకన నాలుగు కబుర్లూ కలుస్తున్నాయట!