జబ్బు ఖర్చుకు సాయం – అడగవలసిన వేళ

ఆవిడ భర్తకు గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊళ్లో కిరాణా కొట్టు. ఆవిడ రొమ్ములో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్ష చేస్తే కేన్సర్ అని తేలింది. వారం తిరక్కుండా గాజులు, గొలుసు తాకట్టుకు వెళ్లాయి. అవి చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. పట్నంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టి ఆపరేషన్ చేయించారు. కీమోథెరపీ రెండు విడతలు అయింది. మూడో విడతకు ఆవిడ వెళ్లలేదు.

నెల తర్వాత నా దగ్గరికి వస్తే, "మధ్యలో ఎందుకు మానేశావమ్మా?" అని అడిగాను. ఆవిడ మాట్లాడలేదు.

"తాకట్టు పెట్టడానికి ఇంకేం మిగల్లేదండీ" అన్నాడు భర్త.

"మీకు రేషన్ కార్డు లేదా?"

"ఎందుకు లేదండీ, బీరువాలో ఉంది. కార్డు మీద వెళితే సరిగ్గా చూడరని మా తోడల్లుడు చెప్పాడు. పైగా నలుగురికీ తెలిస్తే నామోషీ గదండీ."

వాళ్లు చేరిన ఆసుపత్రిలోనే కార్డు మీద ఆ వైద్యమంతా ఉచితంగా చేస్తారు! చేరేటప్పుడు వాళ్లు అడగలేదు, అక్కడెవరూ చెప్పనూ లేదు. తర్వాతి విడతల నుంచి కార్డు పనికొచ్చింది గాని, అప్పటికే కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

వైద్యుడికి డబ్బు సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. కీమో విడతకూ విడతకూ మధ్య గడువును లెక్క ప్రకారం పెడతారు. ఆ గడువు దాటితే, మందుకు చావకుండా మిగిలిన కణాలు మళ్లీ పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. క్షయ మందులు సగంలో ఆపితే ఆ క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. చేతిలో డబ్బు లేక మందు మానేసిన రోగి, ఆ మాట డాక్టరుతో చెప్పడానికి సిగ్గుపడి, "ఊరెళ్లానండీ", "మర్చిపోయానండీ" అంటాడు. దయచేసి ఉన్నమాట చెప్పండి. అదే మందు తక్కువ ధరకు జన ఔషధి దుకాణంలో దొరకవచ్చు. అదే వైద్యం ప్రభుత్వాసుపత్రిలో జరగవచ్చు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి కేన్సర్‌కే ప్రత్యేకించిన ప్రభుత్వ ఆసుపత్రి.

ఇక కార్డు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. కుటుంబానికి ఏడాదికి ఇచ్చే పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రలో 25 లక్షలకు పెంచారు. ఇంత సొమ్ము ఉన్నా, ముందుగా అడగనివారికి అక్కరకు రాదు. ఈ పథకంలో ఆసుపత్రివారు వైద్యం మొదలుపెట్టక ముందే కాగితాలు పంపి అనుమతి తెచ్చుకోవాలి. మీరు డబ్బు కట్టి, ఆపరేషన్ అయిపోయాక, బిల్లు పట్టుకుని వెళితే చేసేదేమీ ఉండదు. అందుచేత అడ్మిషన్ కౌంటరు దగ్గర డబ్బు తీయకముందే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో కనుక్కోండి. పథకంలో ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ వారికో బల్ల ఉంటుంది. "మా జబ్బుకు ఈ ఆసుపత్రిలో కార్డు చెల్లుతుందా?" అని అడగండి. ఒకే ఆసుపత్రిలో గుండె విభాగానికి చెల్లి, కేన్సర్ విభాగానికి చెల్లకపోవచ్చు. అలాంటప్పుడు చెల్లే ఆసుపత్రి ఏదో వారే చెబుతారు.

ఇంట్లో 70 ఏళ్లు దాటిన పెద్దవారుంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. ఆధార్ చూపించి కార్డు తీసుకోవాలి. జబ్బు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే తీసి ఉంచండి.

ఫ్యాక్టరీలోనో దుకాణంలోనో పనిచేస్తూ జీతంలోంచి ఇ.ఎస్.ఐ. కట్టేవారు వైద్యం ఒక్కటే చూసుకుని, రెండోదాన్ని వదిలేస్తుంటారు. జబ్బుతో పనికి వెళ్లలేని రోజులకు ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం ఇస్తారు. క్షయ, కేన్సర్ వంటి 34 దీర్ఘవ్యాధులకు, రెండేళ్లుగా ఉద్యోగంలో ఉండి చందా సరిగ్గా కట్టి ఉంటే, 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగించే వీలుంది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేముందు ఈ సంగతి కనుక్కోండి!

క్షయ రోగులకు మందులు ఉచితం. పౌష్టికాహారానికి నెలకు 1,000 రూపాయలు (2024 నవంబరుకు ముందు 500) బ్యాంకు ఖాతాలో పడతాయి. డయాలసిస్ రోగులకు రెండు రాష్ట్రాలూ పింఛను ఇస్తున్నాయి.

కార్డు చెల్లని వైద్యానికి ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. స్థానిక శాసనసభ్యుడి కార్యాలయం ద్వారా దరఖాస్తు వెళుతుంది. ఖర్చయ్యాక ఇచ్చే సాయం ఇదే, కాని దీనికి అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం కావాలి. ఆ బిల్లుల్లో చాలావాటిని ఇప్పుడు వేడికి అక్షరం తేలే నున్నటి కాగితం మీద అచ్చేస్తున్నారు. పర్సులో పెట్టుకుని తిరిగితే ఆరు నెలల్లో తెల్లకాగితం అవుతుంది. ఏ రోజు బిల్లు ఆ రోజే జిరాక్సు తీయించి, అసలుతో కలిపి ఓ ఫైలులో పెట్టండి. ఈ పని ఇంట్లో ఒక్కరికే, కాస్త ఓపికగలవారికి, అప్పగించండి. "నేను శాంక్షను చేయిస్తాను, ఇంత ఇవ్వండి" అనే మధ్యవర్తికి పైసా ఇవ్వకండి. దరఖాస్తుకు రుసుమంటూ ఏదీ లేదు.

ఆ కిరాణా కొట్టు ఇల్లాలు ఇప్పుడు ఆరు నెలలకోసారి పరీక్షకు హైదరాబాదు వెళుతోంది. క్రిందటిసారి వచ్చినప్పుడు సంచిలోంచి ఫైలు తీసి, "డాక్టరుగారూ, రైలుకు కూడా ఏదో ఉందంట గదండీ?" అంది. ఉంది. వైద్యానికో పరీక్షకో వెళ్లే కేన్సర్ రోగికి స్లీపరులో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. వైద్యం చేసే ఆసుపత్రివారు రైల్వే నమూనాలో ధృవపత్రం ఇవ్వాలి. దానిమీద సంతకానికి, ముద్రకు ఉదయం ఓ.పి. వేళల్లోనే వెళ్లండి. మధ్యాహ్నం దాటితే సంతకం పెట్టవలసినవారు దొరకరు.