చక్రములు లేని రథములు

ఒక పళ్లెములో తేటనీరు పోసి, దానిపై ముద్దకర్పూరపు చిన్న తునక వేసినచో, ఎవరును త్రోయకయే అది గిరగిర తిరుగుచు నలువైపులకు పరుగెత్తును. కర్పూరము కరగి వ్యాపించిన చోట నీటి తలతన్యత తగ్గును. తగ్గని వైపు నీరు తునకను తన దిక్కునకు లాగికొనును. ఆ నీటిని నూనె అంటిన వ్రేలితో తాకినంతనే పరుగు ఆగిపోవును. 1890లో ఇంగ్లండునందలి రాలే ప్రభువు, కర్పూరపు నడకను ఆపుటకు చాలిన నూనెపొర మందము మిల్లీమీటరును 10 లక్షల భాగములు చేయగా అందు 2 భాగములకు మించదని లెక్కగట్టెను. ప్రయోగశాల లేని పాఠశాలయందును ఈ వింతను చూపవచ్చును. పళ్లెము మాత్రము జిడ్డు లేకుండ కడిగినదై ఉండవలెను, హారతిపళ్లెము పనికిరాదు.

కర్పూరపు తునక కంటికి కనిపించునంతటిది. దానిని వేయిరెట్లు చిన్నది చేసినచో కథ మారును. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రోమీటరందురు. ఆ కొలతలో బ్రదుకు ప్రాణికి నీరు నీరువలె తోచదు. చిక్కని బెల్లపుపాకములో ఈదుచున్నట్లుండును. తుంగభద్రలో పుట్టివాడు తెడ్డు ఎత్తిన తరువాత గూడ పుట్టి కొంతదూరము సాగును. బాక్టీరియా ఈదుట మానినచో, ఒక పరమాణువు వెడల్పు దాటకముందే నిలిచిపోవునని అమెరికా భౌతికవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో వివరించెను. అచట ఊపు అనునది లేదు. త్రోపు ఉన్నంతసేపే నడక. ఇంధనము ఎడతెగక అందుచుండవలెను. తొట్టి కట్టుకొని తిరుగుటకు అంత చిన్న దేహములో చోటేది? చుట్టునున్న ద్రవమే ఇంధనము కావలెను.

అట్టి యంత్రమును 2004లో అమెరికాయందలి పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున అయుష్మాన్ సేన్, థామస్ మాలుక్ అను ఆచార్యుల బృందము నడిపి చూపెను. సేన్ కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివినవారు. ఆ యంత్రమునకు చక్రము లేదు, తెడ్డు లేదు, కదలు భాగమేదియు లేదు. సగము బంగారము, సగము ప్లాటినము గల కడ్డీ. పొడవు 2 మైక్రోమీటర్లు. అట్టివి 40 వరుసగా పేర్చిన తలవెండ్రుక మందమగును. ఇంధనము హైడ్రోజన్ పెరాక్సైడు, అనగా గాయములు కడుగుటకు వైద్యశాలలలో వాడు నురుగు మందే. నీటిలో నూటికి 2, 3 పాళ్లు కలిపిన చాలును. ఆ నీటిలో కడ్డీ సెకనుకు తన పొడవునకు 10 రెట్ల దూరము పోయెను. 4 మీటర్ల కారు ఆ లెక్కన పరుగెత్తినచో గంటకు 144 కిలోమీటర్లు పోవలెను. కర్నూలునుండి కడపకు వచ్చు బాటమీద అంత వేగమును ఎవరును ఒప్పుకొనరు.

ప్లాటినపు కొనయందు పెరాక్సైడు విడిపోయి ఆక్సిజను, ప్రోటానులు, ఎలక్ట్రానులు వెలువడును. ఎలక్ట్రానులు లోహము గుండ, ప్రోటానులు బయటి నీటి గుండ బంగారపు కొనను చేరి, అచటి పెరాక్సైడుతో కలిసి నీరగును. ప్రోటానుల ఈ ప్రవాహము తనతో నీటిని వెనుకకు లాగికొనిపోవును. కడ్డీ ప్లాటినపు కొన ముందుగా సాగును. అది తనకు తానే ఒక విద్యుద్ఘటము. మొదట పరిశోధకులు తలతన్యతయే కారణమని తలచిరి, కర్పూరపు లెక్కయే. తరువాతి ప్రయోగములు ఆ తలంపును ప్రక్కకు నెట్టి విద్యుత్కారణమును నిలిపినవి. పాఠ్యపుస్తకములు ఇట్టి మలుపులను చెప్పవు. చెప్పినచో శాస్త్రమనిన విద్యార్థికి గల భయము కొంత తగ్గును.

పరుగు ఒక్కటే చాలదు, దిక్కు తెలియవలెను. బాక్టీరియా ఆహారమున్న వైపునకు చేరుటను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ప్ఫెఫర్ 1880లలో చూపెను. బాక్టీరియా క్షణము క్రిందటి రుచిని ఇప్పటి రుచితో పోల్చి, మేలుగా ఉన్నచో అదే దారిని సాగును. లేనిచో దొర్లి మరియొక దారి పట్టును. 2007లో సేన్ బృందము పెరాక్సైడులో నానిన జిగురుముద్దను నీటిలో నుంచగా, కడ్డీలు మెల్లమెల్లగా దానివైపు చేరుట కనబడెను. ప్రాణము లేనిది రుచి చూచెనా? చూడలేదు. కడ్డీకి జ్ఞాపకము లేదు, పోల్చు శక్తి లేదు. ఇంధనము చిక్కగానున్న దిక్కున అడుగులు పెద్దవి, పలుచనైన దిక్కున చిన్నవి. దిక్కుతోచని అడుగులు వేలకొలది కూడగా మొత్తము ఆ వైపునకు జరుగునని వారి వివరణ. దీనిని అందరును ఒప్పుకొనలేదు.

ప్రకృతి ఈ విద్యను ఏనాడో నేర్చినది. మన కణములలో కైనెసిన్ అను ప్రోటీను సన్ననిత్రాళ్ల వంటి వానిపై సరుకు మోసికొని, అడుగుకు 8 నానోమీటర్ల చొప్పున నడచును, అడుగుకొక ఏ.టి.పి. అణువు ఖర్చు. ఆ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డున కండరమునుండి వేరుచేసిన ఇద్దరిలో ఒకరు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. రెండవవారు సైరస్ ఫిస్క్. సుబ్బారావు మందుల కథలు తెలుగువారికి తెలిసినంతగా ఈ ఇంధనపు కథ తెలియదు.

జీవకణముల దారినే పట్టి కొందరు పెరాక్సైడును మాని యూరియాను ఇంధనము చేసిరి. యూరియాను విడగొట్టు యూరియేజ్ అను ఎంజైము మన ఉలవలలో పుష్కలముగ గలదు. దానిని తగిలించిన నానోరేణువులచే రేడియోధార్మిక అయొడినును మోయించి, మూత్రాశయ క్యాన్సరు గల ఎలుకలలో కణితి దాదాపు నూటికి 90 పాళ్లు తగ్గినట్లు బార్సిలోనాయందలి శామ్యూల్ సాంచెజ్ బృందము 2024 జనవరిలో ప్రకటించెను. మూత్రమునందు యూరియా సహజముగనే ఉన్నది గదా! అయితే ఇది ఎలుకల మాట, మనుష్యుల మాట కాదు.

రాయలసీమవారికి ఈ యంత్రములయందు వేరొక ఆసక్తి గలదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో వేంపల్లె డోలమైటు శిలలనుండి యురేనియము తీయు కర్మాగారము 2012లో మొదలైనది. వ్యర్థములు నిలువచేయు చెరువు సమీపపు రైతులు తమ బోరునీరు చెడినదని 2018 నాటికే మొరపెట్టుకొనిరి. సంస్థ దానిని అంగీకరింపలేదు. ఆ వాదమెట్లు తేలినను, నీటినుండి యురేనియమును తీయు ఉపాయము అక్కరకు వచ్చునదే. 2019లో ప్రాగ్ నగరమున మార్టిన్ పుమెరా బృందము, సూక్ష్మరంధ్రములు గల లోహ కర్బన స్ఫటికపు కడ్డీలను పెరాక్సైడు నీటిలో పరుగెత్తించి, అందలి యురేనియమును నూటికి 96 పాళ్లు ఒక గంటలో పట్టెను. పని ముగిసిన కడ్డీలను అయస్కాంతముతో లాగవచ్చును.

ప్రయోగశాల నీరు వేరు, సీమ నీరు వేరు. ఇచటి బోరునీటిలో లవణములు మెండు. నీరు కాచిన గిన్నె అడుగున కట్టు తెల్లని పెచ్చు అందుకు సాక్ష్యము. లవణము హెచ్చినకొలది బంగారు ప్లాటినపు కడ్డీల వేగము పడిపోవునని ప్రయోగములలో తేలినది. ఉప్పునీటిలో వాని విద్యుత్క్షేత్రము క్షీణించును. పైగా కార్బనేటు యురేనియముతో కూడి, దానిని నీటిలో కరగియుండునట్లు చేయును. తుమ్మలపల్లెలో ఖనిజమునుండి యురేనియమును రాబట్టుటకు వాడునది ఈ గుణమునే! ఇక త్రాగునీటి బావిలో పెరాక్సైడు పోయుటకు ఏ ఇల్లాలు ఒప్పుకొనును?

ఈ చివరి చిక్కునకు వెలుగు ఒక మార్గము. బంగారము పూసిన టైటానియం డయాక్సైడు గోళములు పెరాక్సైడు లేకయే తేటనీటిలో అతినీలలోహిత కాంతిచే కదలుట 2016 నాటికి రుజువైనది. అదే టైటానియం డయాక్సైడును వాడి, కాంతితో నీటినుండి హైడ్రోజనును తీయు పరిశోధనలు కడప యోగివేమన విశ్వవిద్యాలయమునందు జరిగినవి. పదార్థము ఇచటివారికి క్రొత్తది కాదు. సీమకు ఎండ కొదువ లేదు గాని, ఎండలో అతినీలలోహిత భాగము నూటికి 5 పాళ్లు మాత్రమే. మిగిలిన వెలుగుతో, ఉప్పునీటిలో నడచి, పని తీరిన పిమ్మట ఒక్క రేణువును మిగిల్చక పైకి తీయదగిన యంత్రమునకే ఇచటి బోరుబావిలో పని.