జేబు కెమెరాకు అసలు పరీక్ష మసక వెలుతురే

భిలాయి: 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన ఈ ఉక్కు నగరంలో జీవితం షిఫ్టుల లెక్కన సాగుతుంది. ఇక్కడి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలదీ అదే కాలమానం. ఫొటోగ్రఫీని అభిరుచిగా చేపట్టిన ఉద్యోగికి తీరిక దొరికేది తరచుగా సంధ్యవేళనో, తెల్లవారకముందో. అనుమతి లేనిదే కర్మాగారంలోకి కెమెరా తీసుకెళ్లరాదు గనుక ఆలయ దీపాలు, వీధి దీపాల కింది సంత, పొగమంచు పట్టిన ఉదయాలే అతని చిత్రవస్తువులు. ఇంత తక్కువ వెలుతురులో ఫోన్ కంటే మెరుగైన చిత్రం ఇవ్వలేని కాంపాక్ట్ కెమెరాకు వేలాది రూపాయలు పోయడం వృథా.

ప్రకటనల్లో ముందుగా కనిపించేది మెగాపిక్సెళ్ల సంఖ్య. ముందుగా అడగవలసింది మాత్రం సెన్సార్ వైశాల్యం. చౌక కాంపాక్టుల్లో సాధారణంగా ఉండే సెన్సార్ వైశాల్యం దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు. ‘ఒక అంగుళం’ సెన్సార్‌ది సుమారు 116, అంటే నాలుగు రెట్లు. ఈ పేరును అక్షరాలా నమ్మరాదు. పాత వీడియో కెమెరాల గాజు గొట్టాల కొలత నుంచి వచ్చిన వాడుక అది. దాని కర్ణం నిజానికి 16 మిల్లీమీటర్లే; వస్తువు కనుమరుగైనా పేరు మిగిలింది. చిన్న సెన్సార్ కాంపాక్టులను నేటి మంచి ఫోన్లు ఎప్పుడో దాటిపోయాయి. ఒక్క నొక్కుతో పలు చిత్రాలు తీసి, కలిపి, మచ్చలను తగ్గించే గణనశక్తి వాటికుంది.

రెండో ప్రశ్న కటకానిది. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 అంగుళం సెన్సార్‌ను 240 గ్రాముల బరువులో ఇమిడ్చి ఈ తరగతి రూపునే మార్చింది. పెట్టెపై ఎఫ్/1.8 అన్న అంకె ఘనంగా కనిపిస్తుంది. అయితే అది జూమ్ చేయనప్పటి మాట. పూర్తిగా జూమ్ చేస్తే ఎపర్చర్ ఎఫ్/4.9కు కుంచించుకుపోతుంది, లోనికి చేరే వెలుతురు ఏడో వంతుకు పడిపోతుంది. వీధిలో ఐఎస్ఓ 400తో వచ్చే చిత్రానికి అదే షట్టర్ వేగంలో దాదాపు 3200 కావాలి. 2014 నాటి మూడో తరం నమూనా జూమ్ నిడివిని తగ్గించుకుని, చివర కూడా ఎఫ్/2.8 నిలుపుకుంది. సాయంత్రాలు తిరిగేవారికి ఆ బేరమే మేలు. రికో జీఆర్ 3లో సెన్సార్ ఇంకా పెద్దది, జూమ్ అసలు లేదు. వీధి చిత్రాలకు అది చక్కనిదే గానీ మైత్రీబాగ్‌లోని తెల్లపులి దానికి చిక్కదు.

ఈ ఊరిలో మరచిపోకూడనిది దుమ్ము. ముందుకు సాగి వెనక్కి ముడుచుకునే కటకం ప్రతిసారీ గాలిని, దానితో ధూళిని లోపలికి లాగగలదు. కటకం మార్చే కెమెరాలో సెన్సార్‌ను ఇంట్లోనే తుడుచుకోవచ్చు. కాంపాక్టులో మొత్తం విప్పవలసిందే. కనుక బిల్లుపై భారతదేశపు వారంటీ ఉందో లేదో చూసుకోవాలి. విదేశాల నుంచి అడ్డదారిన వచ్చిన సరుకు ధర తక్కువైనా మరమ్మతు దగ్గర భారమవుతుంది. సాధారణంగా తయారీదారులు చెప్పే పనిచేసే ఉష్ణోగ్రత పరిమితి 40 డిగ్రీలు. ఛత్తీస్‌గఢ్ మే నెల దాన్ని సులువుగా దాటుతుంది, నిలిపి ఉంచిన కారు లోపలి వేడి చెప్పనే అక్కరలేదు.

దుకాణానికి సొంత మెమరీ కార్డు తీసుకెళ్లడం మంచిది. దీపాలు తక్కువగా ఉన్న మూలలో పూర్తి జూమ్‌తో, ఐఎస్ఓ 1600, 3200 వద్ద, రా ఫైళ్లుగా కొన్ని చిత్రాలు తీయాలి. అతి చిన్న ఎపర్చర్‌తో తెల్ల గోడను కూడా ఒకసారి తీస్తే సెన్సార్‌పై ధూళి ఉంటే నల్లని చుక్కలుగా బయటపడుతుంది. పాత కెమెరా కొనేవారికి ఇది తప్పనిసరి. చిత్రాలను కెమెరా తెరపై చూసి మురిసిపోక, ఇంటికి వచ్చి కంప్యూటర్‌పై పూర్తి పరిమాణంలో చూసిన తరువాతే డబ్బు కట్టాలి.