వేవిళ్ళు హద్దు మీరినప్పుడు

నెల తప్పిన కోడలికి వేవిళ్ళు పట్టినవంటే ఇంటిల్లిపాదికీ సంతోషమే. 100 మంది గర్భిణులలో ఇంచుమించు 70 మందికి వికారమో వాంతులో తప్పవు. సాధారణంగా అయిదవ నెలకు అవి సద్దుమణుగుతాయి. అందుచేతనే "ఓర్చుకో అమ్మా, అందరం పడ్డవాళ్ళమే" అని పెద్దలు ధైర్యం చెబుతారు. చాలామంది విషయంలో ఆ మాట నిజమే. కాని కొద్దిమందికి ఆ ఓర్పే ముప్పు తెస్తుంది.

సుమారు నూటికి ఒకరిద్దరికి వాంతులు హద్దు మీరుతాయి. గుక్కెడు మంచినీళ్ళయినా కడుపులో నిలువవు. మూత్రము తగ్గి చిక్కబడుతుంది. తూకము నూటికి 5 వంతులకు మించి పడిపోతుంది. ఇది మనోదౌర్బల్యము కాదు. గర్భములో పుట్టి తల్లి రక్తములోనికి చేరే జి.డి.ఎఫ్.-15 అనే హార్మోనుకు ఇందులో ముఖ్యమైన పాత్ర ఉన్నదని 2023లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది.

అటువంటి తల్లికి నీటితోపాటు బి-1 విటమిను, అనగా థయమిను, కూడ కరువవుతుంది. ఆహారమును శక్తిగా మార్చుటకు అది కావలెను. మెదడుకు మరీ ముఖ్యము. శరీరములోని దాని నిలువ రెండు మూడు వారాలకే తరిగిపోతుంది. అప్పుడు చూపు చెదురుతుంది, కనుగ్రుడ్లు అదురుతాయి, నడక తూలుతుంది, మాట పొంతన తప్పుతుంది. 1881లో జర్మను వైద్యుడు కార్ల్ వెర్నికె ఈ వ్యాధిని వర్ణించినాడు. ఆయన చూచిన ముగ్గురు రోగులలో ఒకామె గంధకామ్లము మ్రింగి, విడువని వాంతులతో కృశించిన యువతి. వాంతులకు కారణమేదైనా ఫలితము ఒక్కటే.

ఈ లోపము తెలుగువారికి క్రొత్త కాదు. మరపట్టిన పచ్చిబియ్యము తినే ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి ప్రబలినది దీనివల్లనే. ఆ వ్యాధిని విచారించుటకు 1918లో కూనూరులో మెక్కారిసన్ ప్రారంభించిన చిన్న శాఖయే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలలో ఒకనాడు జొన్నగట్క, జొన్నరొట్టె నిత్యాహారము. ఇప్పుడు అక్కడ కూడ కంచములోనికి తెల్లని మరబియ్యము వచ్చినది. గంజి వార్చితే అందులో మిగిలిన కొద్దిపాటి బి-1లో కొంత గంజితో పోతుంది.

కనుక ఇంటివారు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. గర్భిణులకు ఇచ్చే ఎర్రమాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము ఉన్నవి గాని బి-1 లేదు. రెండవది, నీరసమని గ్లూకోసు ఎక్కించబోయే ముందు "ఇన్నాళ్ళుగా తిండి నిలువలేదు" అని వైద్యునికి చెప్పవలెను. గ్లూకోసును వాడుకొనుటలో శరీరము మిగిలిన బి-1ని కూడ ఖర్చు చేస్తుంది. కాబట్టి బి-1 సూదిమందు ముందుగా గాని, దానితోపాటు గాని పడవలెను. మూడవది, చూపు, నడక, మాట తప్పినప్పుడు గాలి సోకినదని భూతవైద్యుని వెదకరాదు. వెంటనే 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి చేర్చవలెను. ఉట్నూరు కొండపల్లెలవంటి చోట్ల నుండి దారి దూరము. అంతవరకు రానీయక, నీళ్ళు నిలువని నాడే బయలుదేరుట మేలు.

ఆ సూదిమందు ఖరీదైనది కాదు. వేళకు అందితే తల్లి తేరుకొంటుంది. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చును. ఓర్చుకొమ్మని చెప్పే పెద్దలే ఆమె తిండి నిలువని దినాలను కూడ లెక్కపెట్టవలెను.