మంచినీటి ట్యాంకు: మట్టము, ప్రవాహము, ఆరోగ్యము

ఊరిలో ఎత్తయిన స్తంభములపై మంచినీటి ట్యాంకు వెలసినంతనే నీటియెద్దడి తీరినదని పలువురు తలంతురు. కాని ట్యాంకు కట్టుటతో పని ముగియదు. అందులో నీరెంత మట్టమున నిలుచుచున్నది, ఎంత వేగముతో వెలుపలికి పోవుచున్నది అను రెండింటిపైననే ఆ నీరు త్రాగువారి ఆరోగ్యము ఆధారపడియున్నది.

ట్యాంకు లెక్క ఇంటి జమాఖర్చుల వంటిదే. పంపు తెచ్చునది జమ. కుళాయిలకు పోవునది ఖర్చు. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ ననుసరించి గ్రామములలో తలకు దినమునకు 55 లీటర్ల నీరందవలెను. వేయిమంది గల గ్రామమునకు 55,000 లీటర్లు కావలెను. గంటకు 10,000 లీటర్లు ఎక్కించు పంపు అయిదున్నర గంటలు నడచినగాని ఇది సమకూరదు. అంతే నీరు ఎక్కుచుండగా గంటకు 15,000 లీటర్లు విడిచినచో, 20,000 లీటర్ల నిలువ నాలుగు గంటలలో అడుగంటును.

మట్టము తెలియనిదే మందు మోతాదు తెలియదు. మంచి బ్లీచింగు పౌడరును వేయి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల చొప్పున కలుపుట వాడుకలోనున్న పద్ధతి. నిండిన 40,000 లీటర్ల ట్యాంకునకు 100 గ్రాములు పట్టును. సగము నీటికి అంతే మందు కలిపినచో నీరు ఘాటెక్కును; నిండు నీటికి సగము మందే వేసినచో క్రిములు నశింపవు. కావున ముందు ట్యాంకు నింపి, పంపు నాపి, మందు కలిపి, కనీసము అరగంట నిలువనిచ్చి, పిమ్మట విడువవలెను. చిట్టచివరి కుళాయివద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ క్లోరిను మిగిలియుండవలెను. నీటి మాలిన్యమును బట్టి మోతాదు మారును గనుక, ఈ పరీక్షయే తుది ప్రమాణము.

ప్రవాహమును అదుపు చేయుటయు అంతే ముఖ్యము. వాల్వును ఒక్కసారిగా పూర్తిగా తెరచినచో పల్లపు వీథులలో నీరు పొరలిపోవును. మిట్టనున్న ఇండ్లకు చుక్కయైనను చేరదు. అప్పుడు కొందరు గొట్టమునకే మోటారు తగిలించి నీటిని లాగుదురు. దానివలన గొట్టములో ఒత్తిడి పడిపోయి, పగుళ్లగుండ ప్రక్కనున్న మురుగు లోనికి చొరబడును. అతిసారము, టైఫాయిడు, కామెర్లు ఈ దారినే ఇంటింటికి చేరును. పల్లపు వీథుల వాల్వులను కొంత బిగించి, వంతులవారీగా నీరు విడిచినచో అందరికిని సమముగా అందును. వాల్వులను తెరచునపుడును మూయునపుడును మెల్లగా త్రిప్పవలెను; లేనియెడల నీటి తాకిడికి గొట్టములు చీలును.

మట్టము మితిమీరినను ముప్పే. పొర్లిన నీరు గుంటలలో నిలిచి దోమలకు నెలవగును. తేలుడు బుడ్డితో పనిచేయు స్విచ్చు, నీరు పై గుర్తును తాకగానే మోటారును ఆపి, క్రింది గుర్తుకు దిగినప్పుడు మరల నడుపును. ఈ రెండు గుర్తుల నడుమ చాలినంత ఎడముండవలెను. లేకున్న మోటారు మాటిమాటికి ఆగి సాగుచు చెడిపోవును. పొర్లుగొట్టమునకు సన్నని జాలియు, ట్యాంకునకు బిగువైన మూతయు ఉండవలెను.

పంపు నడుపువారు ప్రతిదినము రాత్రియు ఉదయమును మట్టమును పుస్తకములో వ్రాయుట మేలు. వాల్వులన్నియు మూసియున్నను, నీరెవ్వరును వాడకున్నను, రాత్రివేళ మట్టము తగ్గినదన్న ట్యాంకులోనో, గొట్టములలోనో, మూసిన వాల్వులోనో నీరు కారుచున్నదని గ్రహింపవలెను. నీరు వెలికిపోవు గొట్టపు చీలికయే మురుగు లోనికి వచ్చు ద్వారము. దానిని నాడే పూడ్చిన పంచాయతీ, జబ్బు ఊరిలో అడుగుపెట్టకముందే దారి మూసినదగును.